నీటి అడుగు తెలిసినవారికే తొలి పీట

భీమిలి దారిలో మంగమారిపేట శిలాతోరణం ముందు ఫోటో దిగకుండా కదిలే పర్యాటకులు తక్కువ. ఆ రాళ్ల వరస ఒడ్డుతో ఆగిపోదు, నీటి కిందికీ సాగుతుంది. నిన్నమొన్నటిదాకా ఆ సంగతి వల చిరిగినప్పుడల్లా మత్స్యకారులకే తెలిసేది. ఇప్పుడు రుషికొండ నుంచి విజయనగరం జిల్లా చింతపల్లి దాకా స్కూబా డైవింగ్ కోసం, అంటే గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగుకు దిగడం కోసం, జనం వస్తున్నారు. కర్ణాటకలోని నేత్రాణి ద్వీపానికో అండమాన్‌కో వెళ్లే మన యువత సొంత సముద్రంలోకి తొంగిచూడటం సంతోషకరం. చింతపల్లి దగ్గర మునిగిన పాత ఓడ శిథిలాల చుట్టూ చేపల గుంపులు తిరిగే దృశ్యం ఎవరినైనా కట్టిపడేస్తుంది.

అయితే ఈ ఉత్సాహం ఎవరి చేతుల్లో పెరగాలి? ఏ రాయి ఎక్కడుందో, ఏ గాలికి అడుగు ప్రవాహం ఎటు మళ్లుతుందో పుట్టుకతో ఎరిగినవారు గంగపుత్రులు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో వారి పడవలు ఒడ్డునే ఉంటాయి, ఇల్లు భృతి మీద నడుస్తుంది. ఆ ఇళ్లలోని యువతకు ప్రభుత్వ ఖర్చుతో డైవింగ్ శిక్షణ, ధ్రువపత్రం ఇప్పించాలని మేము కోరుతున్నాం. బయటి వ్యాపారి పెట్టుబడితో వచ్చి, వారిని సిలిండర్లు మోసే కూలీలుగా మాత్రమే పెట్టుకునే పద్ధతిని మొదట్లోనే ఆపాలి. 2021 డిసెంబరులో తంతడి తీరాన వలకు చిక్కిన భారీ తిమింగల సొరచేపను అటవీ సిబ్బందితో కలిసి తిరిగి లోతు నీటికి సాగనంపింది మత్స్యకారులే. సముద్రాన్ని కాపాడటం వారికి కొత్తగా నేర్పవలసిన పాఠం కాదు.

రాళ్లను అంటుకుని పగడాలు, స్పాంజీలు బతుకుతున్నాయి. గుండ్రటి పగడం ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఒక్క లంగరు దెబ్బకు కొన్ని దశాబ్దాల పెరుగుదల పోతుంది. అందుకే డైవింగ్ చోట్ల బోయాలు (నీటిపై తేలే గుర్తులు) నిలిపి, పడవలు వాటికే కట్టుకోవాలన్న నిబంధన తేవాలి. తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో సున్నానికి, కట్టడాలకు ఏళ్ల తరబడి పగడాలు తవ్వారు. 1986లో జాతీయ సముద్ర ఉద్యానంగా ప్రకటించిన అక్కడి 21 దీవుల్లో రెండు ఇప్పటికే నీట మునిగాయి.

పర్యాటకులతోనూ నిజాయతీగా ఉండాలి. నదుల ఒండ్రు కలిసే బంగాళాఖాతంలో లక్షద్వీప్ లాంటి గాజు నీరు ఉండదు. ఆ బొమ్మలు చూపి టికెట్లు అమ్మకూడదు, నీరు మసకగా ఉన్న రోజు డబ్బు తిరిగి ఇచ్చి పంపాలి. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుందని, పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగపడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయని ముందే తెలుగులో వివరించాలి. ఒకసారి దిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవారు 18 గంటలు విమానం ఎక్కరాదు. ఉదయం డైవింగ్, సాయంత్రం విమానం అనుకుని వచ్చేవారికి ఈ మాట బుకింగ్ నాడే చెప్పాలి.

వచ్చే వేట నిషేధానికి ఇంకా వ్యవధి ఉంది. మత్స్య, పర్యాటక శాఖలు ఈలోగా కూర్చుని మాట్లాడుకుంటే, ఏప్రిల్ 15న పడవలు ఒడ్డుకు చేరే నాటికే తొలి శిక్షణ తరగతి మొదలుపెట్టవచ్చు.