వారెంటుకు కనబడని భర్త

మనిషి పేదవాడు ఎట్లా అవుతాడో తెలుసుకోవాలంటే, భార్యకు నెలనెలా కట్టాల్సిన మనోవర్తి కోసం నోటీసు అందుకున్న భర్తను చూడాలి. నిన్నటిదాకా కాజీపేటలో రెండు పోర్షన్లు కిరాయికిచ్చి కారులో తిరిగినవాడు, హన్మకొండ కోర్టు మెట్లెక్కేసరికి రోజు కూలీ. పోర్షన్లు అమ్మవి, షాపు తమ్ముడిది, కారు దోస్తుది. సొంతానికి మిగిలినవి అప్పులూ బీపీనే.

భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్లు వేయాలని 2020లో రజనేశ్-నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటినుంచి కథాసాహిత్యం బాగా పెరిగింది.

ఆర్డరు వచ్చాక డబ్బులూ వస్తాయనుకునే ఇల్లాలికి ఇంకో పిటిషన్ ఉందని అప్పుడు తెలుస్తుంది. బాకీ పడ్డ ఏడాదిలోగా వారెంటు కోసం అడగాలి. ఆలస్యమైతే ఆ దారి మూసుకుపోతుంది. మనోవర్తి ఇప్పించే సీఆర్‌పీసీ 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. కొత్త నంబరు అలవాటయ్యేదాకా బాకీదారుకు కొంత టైం ఇవ్వాలి, పాపం.

అసలు విద్య వారెంటు పుట్టాక బయటపడుతుంది. కానిస్టేబుల్ ఇంటికి పోతే, "వాడు ఇల్లు మొహం చూసి ఆర్నెల్లయింది సారూ" అంటుంది తల్లి. వాకిట్లో తీగ మీద వాడి బనియన్లు తడి కూడా ఆరలేదు. రాత్రి దావత్ ఫొటో స్టేటస్‌లో ఉంటుంది. వరంగల్ మొత్తానికి కనబడే మనిషి వారెంటుకు మాత్రం కనబడడు. చివరికి పోలీసులు భార్యతోనే "ఎక్కడున్నాడో నువ్వే చూపించమ్మా" అంటారు. ఆమె మిరప కూలి వదులుకుని, నర్సంపేట నుంచి బస్సెక్కి వచ్చి ఆయన్ను వెతకాలి. దీన్ని తప్పు పట్టడం నాకిష్టం లేదు. విడిగా ఉన్నా ఆయన ఎక్కడ తిరుగుతున్నాడో, ఏ చొక్కా తొడిగాడో ఆమె కనిపెట్టుకుని ఉండాలంటే, దాంపత్యాన్ని ఇంతకన్నా ఎవరు నిలబెడతారు?

అన్యాయం జరుగుతున్నది నౌకరీ ఉన్నవాడికే. మామూలు అప్పు డిక్రీకైతే జీతంలో పెద్ద భాగానికి రక్షణ ఉంటుంది. మనోవర్తి డిక్రీకి ఆ రక్షణ మూడో వంతుకే. అందుకే తెలివైనవాళ్లు జీతం చేతికి తీసుకునే చోటే పని చేస్తారు.

ఇంకొందరు వీరులు, "నెల జైల్లో ఉంటే బాకీ మాఫీ" అని నమ్ముతారు. జైలు డబ్బు కట్టించడానికే గానీ బాకీ తీరినట్టు కాదని కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. చాయ్ హోటల్ లాయర్లకు ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు.

ఎట్లాగో ఒకరోజు దొరుకుతాడు. పొద్దున పైసా లేనివాడికి, జైలు మాట రాగానే లంచ్ బ్రేక్‌లోపు దోస్తు డబ్బు పట్టుకొస్తాడు. మొత్తం కాదు, కొంత. మిగతాదానికి వాయిదా అడుగుతాడు. అది ఉగాది దాటాక పడుతుంది. ఈలోగా కొత్త నెలల బాకీ పుడుతుంది. దానికి మళ్లీ వేరే పిటిషన్, వేరే వారెంటు.