పిల్లవాణ్ణి అడగడమేమిటండీ!

పిల్లల ఆరోగ్యం ఎలా ఉంది, దానివల్ల వాళ్ల రోజులు ఎలా గడుస్తున్నాయి అని కొలవడానికి అమెరికాలో ఒక ప్రశ్నావళి తయారైంది. పేరు పెడ్స్‌క్యూఎల్. జేమ్స్ వార్ని అనే సైకాలజిస్టు దీని కర్త. మొత్తం 23 ప్రశ్నలు. పరుగెత్తడం కష్టంగా ఉందా, నిద్ర సరిగ్గా పట్టడం లేదా, తోటిపిల్లలు ఏడిపిస్తున్నారా, క్లాసులో మనసు నిలవడం లేదా, ఇలా గడిచిన నెలరోజుల సంగతులు. ఒక్కోదానికి 'ఎప్పుడూ లేదు' నుంచి 'దాదాపు ఎప్పుడూ ఉంటుంది' దాకా ఐదు గడులు. ఇలాంటివాటిని మన భాషలోకి తెచ్చి, మన పిల్లల దగ్గర సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తేల్చడం మెడికల్ కాలేజీల్లో గౌరవప్రదమైన పని. థీసిస్‌కి థీసిస్, పేపర్‌కి పేపర్.

అంతా బాగానే ఉంది గానీ, ఇందులో ఒక ఘోరమైన లోపం ఉంది. ఐదేళ్లు నిండితే చాలు, ఇది పిల్లవాణ్ణే అడుగుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు బతికుండగానే! తల్లిదండ్రులకు వేరే ఫారం ఇస్తారనుకోండి. అంటే ఒకే ఇంటినుంచి రెండు జవాబులు బయటికి పోతాయన్నమాట. కుటుంబ వ్యవస్థను కూల్చడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకైతే మూడు మొహాల బొమ్మలు చూపించి వేలు పెట్టమంటారు. అందులో నవ్వు మొహం ఒకటే కాదు, ఏడుపు మొహం కూడా ఉంటుంది. వచ్చిన చుట్టాల ముందు అలాంటి మొహం పెడితేనే "ఏంట్రా ఆ మొహం" అని కసిరే మనం, దాన్ని కాగితం మీద అచ్చేసి మరీ చేతికివ్వాలా?

మనవాళ్లు ఈ దాడిని ఎంత లాఘవంగా తిప్పికొడుతున్నారో చూడాలంటే, పెద్దాసుపత్రిలో పిల్లల ఓపీ ముందు బల్ల మీద కాసేపు కూర్చోవాలి. తలసేమియాతో మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తొమ్మిదేళ్ల కుర్రాడు. వాడి ముందు అట్టకి క్లిప్పుతో బిగించిన కాగితాలు పట్టుకున్న పీజీ డాక్టరమ్మ.

"బాబూ, ఈ నెలలో నీకు ఎప్పుడైనా భయం వేసిందా?"

వాడు వాళ్లమ్మ వైపు చూస్తాడు.

"వీడికి భయమేంటి మేడమ్, పులి వీడు."

"అమ్మా, బాబును చెప్పనివ్వండి."

"చెప్పరా. భయం లేదని చెప్పు మేడమ్‌కి."

"లేదు."

"దిగులుగా అనిపించిందా నాన్నా?"

"అడిగినవన్నీ కొనిపెడుతున్నాం మేడమ్, ఇంకా దిగులెందుకు? మొన్ననే సైకిల్ కూడా కొన్నాం."

వాడికి ఆటలు, వ్యాయామం కష్టంగా ఉన్నాయో లేదో అడిగే ప్రశ్న అంతకు ముందే అయిపోయింది. దానికీ అమ్మే జవాబు చెప్పింది. లైను చూస్తే మెట్లదాకా ఉంది. డాక్టరమ్మ పెన్ను ఆ తల్లి చేతికిచ్చేసింది. ఆవిడ మొదటి గడిలో పెన్ను ఆనించి, ఎత్తకుండా కిందిదాకా ఒకే గీత లాగింది. రెండు ఫారాలూ, పిల్లాడిదీ తనదీ, నిమిషంలో పూర్తి.

దీన్ని కొందరు మేధావులు తప్పంటారు. గణాంకశాస్త్రం మాత్రం ఆ తల్లి పక్షానే ఉంది. ప్రశ్నలన్నీ ఒకే మాట మీద నిలబడ్డాయా లేదా అని చూడటానికి 1951లో క్రోన్‌బాక్ అనే ఆయన ఆల్ఫా అనే లెక్కకు ప్రాచుర్యం తెచ్చాడు. అది 0.70 దాటితే గైడ్‌గారు సంతకం పెడతారు. ఈ ఫారంలో ప్రశ్నలన్నీ కష్టాల గురించే, అన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. కాబట్టి ఒక తల్లి మొదటి వరసలో, ఇంకొకావిడ రెండో వరసలో, మరో ఇంటాయన మూడో వరసలో పైనుంచి కిందికి గీత లాగేస్తే ఆల్ఫా నిండుగా 1 వస్తుంది. ఒక్కో ప్రశ్నకూ ఆగి, ఆలోచించి, వేలు కొరుక్కుని జవాబు చెప్పే పిల్లలతో ఈ జన్మలో అంత రాదు. అందరూ మొదటి వరసే లాగితే మాత్రం ఇంటికీ ఇంటికీ తేడా లేక లెక్క కుదరదు. అందుకని ఓపీకి వచ్చే కుటుంబాలు బస్సులోనే వరసలు పంచుకుంటే బాగుంటుందని నా సూచన.

పిల్లల జవాబులూ పెద్దల జవాబులూ కలవడం లేదని విదేశాల్లో పేపర్లకు పేపర్లు రాశారు. నడక, పరుగు లాంటి కంటికి కనిపించేవాటిలో కొంత కలుస్తాయట. భయం, దిగులు దగ్గరికొచ్చేసరికి ఎవరి దారి వారిదట. పెన్ను ఒక్కటే ఉంటే ఈ గొడవ ఎందుకొస్తుంది? రెండు వారాల తర్వాత మళ్లీ అదే ఫారం ఇచ్చి జవాబు మారిందా అని చూసే పరీక్ష ఒకటుంది. అందులోనూ మనకు తిరుగులేదు. "మొన్న ఏం చెప్పావో అదే చెప్పు, వేరేగా చెప్పి పరువు తీయకు" అని ఇంట్లో ముందే రిహార్సల్ అయిపోయి ఉంటుంది.

ఇంటి పనులు చేయడం కష్టంగా ఉందా అని కూడా ఒక ప్రశ్న ఉంది. మన మగపిల్లలు కళ్లు మూసుకుని 'ఎప్పుడూ లేదు' అంటారు. అది అబద్ధం కూడా కాదు, తిన్న కంచం తీసిందెప్పుడని కష్టం తెలియడానికి? 'ఎప్పుడూ లేదు' అంటే ఆ ప్రశ్నకు నూటికి నూరు మార్కులు. అదే ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని, బిందె మోసి, గిన్నెలు తోమే అక్క 'అప్పుడప్పుడు' అని నిజం చెబితే ఆ పిల్లకు యాభై. దీన్నిబట్టి మన మగపిల్లల శారీరక ఆరోగ్యం ఎంత దివ్యంగా ఉందో శాస్త్రీయంగా రుజువవుతోంది.

అసలు చిక్కు ఆరోగ్యవంతుల దగ్గర వస్తుంది. ప్రశ్నావళి మంచిదనిపించుకోవాలంటే జబ్బు పిల్లల స్కోరు తక్కువగానూ, జబ్బులేని పిల్లల స్కోరు ఎక్కువగానూ రావాలి. జబ్బులేని పిల్లలు ఎక్కడ దొరుకుతారు? బళ్లో. పొరపాటున ఆ పీజీ డాక్టరమ్మ ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లోకి వెళ్లి, తలుపేసి, టీచర్లు లేకుండా ఫారాలు పంచిందనుకోండి. పరుగెత్తడం? అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో బడి, పరుగెత్తేది ఎక్కడ? బరువులెత్తడం? పిల్లవాడి బరువులో 10 శాతం దాటకూడదని 2020లో కేంద్రం స్కూల్ బ్యాగ్ పాలసీ పెట్టింది, బ్యాగుకి ఆ సంగతి ఇంకా తెలియదు. నిద్ర? పొద్దున్నే ఐదింటికి స్టడీ అవర్. రేపేమవుతుందోనన్న టెన్షన్? ఆదివారం వీక్‌ఎండ్ టెస్టు, సోమవారం ర్యాంకు, మంగళవారం నాన్నగారికి మెసేజ్.

వార్డులో రక్తం ఎక్కించుకుంటున్న కుర్రాడి స్కోరు కన్నా వీళ్ల స్కోరు దిగజారితే ఏమవుతుంది? కంగారేం లేదు. అనువాదం కుదరలేదని రాసేయవచ్చు. ఇద్దరు తెలుగులోకి మార్చి, వాళ్లతో సంబంధంలేని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి, కమిటీ కూర్చుని సరిచూసినా సరే, తప్పు అనువాదానిదే. పిల్లల మీదికి గానీ బడి మీదికి గానీ పోనక్కర్లేదు. వాక్యాలు మార్చి, ఇంకాస్త మెత్తగా రాసి, ఈసారి క్లాస్ టీచర్‌ని పక్కన నిలబెట్టి పంచితే స్కోరు వెంటనే కోలుకుంటుంది.

ఎథిక్స్ కమిటీ వాళ్లు ఇంకొక మెలిక పెడతారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లవాడి సమ్మతి నోటిమాటగానైనా తీసుకోవాలి, పన్నెండు దాటితే కాగితం మీద. ఇందులో మాత్రం మనకు ఏ ఇబ్బందీ లేదు. తల ఊపడం మన పిల్లలకు అక్షరాభ్యాసం కన్నా ముందే నేర్పుతాం.

శాస్త్రానికి నా వంతు సాయంగా మావాడి ఫారం నింపి సిద్ధంగా ఉంచాను. తండ్రి ఫారంలో నూరు, పిల్లవాడి ఫారంలో నూరు. వాడు ట్యూషన్ నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది, కొరియర్ ఆఫీసు ఎనిమిదింటికే మూసేస్తారు. అందుకని వాడి సంతకం కూడా నేనే పెట్టేశాను.