టికెట్టుకు కాదు, కిలోమీటరుకు కట్టండి

బస్సుకూ రైలుకూ సర్కారు సొమ్ము ఇవ్వాలా వద్దా అన్న వాదన బెంగళూరులో ఎప్పుడో ముగిసింది. ఇస్తూనే ఉన్నారు. తేలాల్సింది ఏ లెక్కన ఇవ్వాలన్నదే. ఇప్పటి టికెట్టు లెక్క తప్పు, బస్సు తిరిగిన కిలోమీటర్ల లెక్కన ఇవ్వాలని మా అభిప్రాయం.

కర్ణాటక మహిళలకు బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే, 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకాన్నే తీసుకుందాం. మహిళ బస్సెక్కగానే కండక్టరు జీరో టికెట్టు కొడతాడు. ఆ దూరానికి పడే చార్జీ పద్దులో చేరుతుంది. అవన్నీ కూడి నగర బస్సులు నడిపే ప్రభుత్వ సంస్థ బీఎంటీసీ ప్రభుత్వానికి బిల్లు పెడుతుంది. పథకం మంచిదే, ఉండి తీరాలి. కానీ ఈ లెక్కలో తొంభై మందిని కుక్కుకుని వెళ్లిన ఒక్క బస్సుకూ, నలభై అయిదేసి మందితో వెళ్లిన రెండు బస్సులకూ వచ్చే సొమ్ము ఒకటే. డీజిలు, డ్రైవరు, కండక్టరు ఖర్చు మాత్రం రెండింతలు. ఇక రెండో బస్సు ఎవరు తీస్తారు? పొద్దున సిల్క్‌బోర్డు కూడలి దగ్గర తలుపు మూసుకోనంతగా బస్సు నిండిపోవడానికి ట్రాఫిక్ ఒక్కటే కారణం కాదు. పైగా సొమ్ము ప్రయాణం అయ్యాకే వస్తుంది. జీతాలూ డీజిలూ అంతవరకు ఆగవు కనుక కోత విడిభాగాల మీద పడుతుంది. విడిభాగం అందని బస్సు డిపోలోనే నిలబడుతుంది, దాని ట్రిప్పులు రద్దవుతాయి. 2025 జనవరిలో చార్జీలు 15 శాతం పెంచితే, అది టికెట్టు కొనే మగవాళ్ల జేబుకూ ప్రభుత్వ బిల్లుకూ ఒకేసారి తగిలింది.

ఎలక్ట్రిక్ బస్సుల ఒప్పందం దీనికి పూర్తిగా వ్యతిరేకం. బస్సూ డ్రైవరూ ప్రైవేటు కంపెనీవి. కండక్టరు సంస్థవాడు, టికెట్టు డబ్బు సంస్థది. కంపెనీకి మాత్రం తిరిగిన కిలోమీటర్ల లెక్కన కట్టాలి. అంటే బీఎంటీసీ కిలోమీటరు చొప్పున చెల్లించి, టికెట్టు చొప్పున రాబట్టుకోవాలి. కంపెనీకి సొమ్ము ఆగితే కేంద్రం ముందు కట్టి, ఆనక రాష్ట్రం ఖాతాలోంచి మినహాయించుకునే ఏర్పాటు 2024లో వచ్చింది. కంపెనీకి ఉన్న ఆ భరోసా ప్రభుత్వం నుంచి బాకీ రావలసిన బీఎంటీసీకి లేదు. ఎలక్ట్రిక్ వాహనాలకు కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద నగరానికి 4,500 బస్సులు కేటాయించారు. అవి రోడ్డెక్కేలోగా ఈ వైరుధ్యం తీరకపోతే సంస్థ నిలవదు.

మెట్రోది మరో దారి. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ చార్జీ 60 నుంచి 90 రూపాయలైంది. కొన్ని దూరాలకు చార్జీ రెట్టింపు దాటడంతో ప్రజలు భగ్గుమన్నారు, తర్వాత పెంపు 71 శాతం మించకుండా సర్దారు. చట్ట ప్రకారం చార్జీల కమిటీ సిఫారసు మెట్రోకు శిరోధార్యం. కేంద్రం, రాష్ట్రం ఒకరినొకరు వేలెత్తి చూపుకోవడం మాని, తగ్గించాలనుకున్నంత మొత్తాన్ని బడ్జెట్‌లో రాసి కట్టాలి.

రైల్వే రాయితీ అసలు కనిపించదు. గూడ్సు రాబడే ప్యాసింజర్ నష్టాన్ని మోస్తోంది. కనిపించనిదాన్ని తీసేసినా తెలియదు. కరోనా తర్వాత ప్యాసింజర్ రైళ్లను స్పెషల్ పేరుతో నడిపి కనీస చార్జీని 10 నుంచి 30 రూపాయలు చేశారు. పాత ధర 2024 ఫిబ్రవరిలో గానీ తిరిగి రాలేదు. హిందూపురం, కుప్పం వైపు నుంచి రోజూ పనికొచ్చే మనవాళ్లు అన్నేళ్లూ ఆ భారం మోశారు.

కిలోమీటరు లెక్కకూ ఓ ప్రమాదం ఉంది: ఖాళీ రోడ్ల మీద బస్సు తిప్పి లెక్క నింపుకోవచ్చు. అందుకే రూటు వారీగా, రద్దీ వేళలకూ రాత్రి ట్రిప్పులకూ వేర్వేరు రేటు పెట్టాలి. తిరిగిందీ లేనిదీ జీపీఎస్‌తో సరిచూసి, రద్దయిన ట్రిప్పుకు కోత వేయాలి. సొమ్ము నెల మొదటి వారంలోనే డిపోలకు చేరాలి.

అప్పుడు ఎక్కింది ఎవరన్న ఆరా సంస్థకు అక్కర్లేదు. శక్తికి కర్ణాటక చిరునామా కావాలన్న నిబంధన వల్ల ఆంధ్ర ఆధార్‌తో గార్మెంట్స్‌లో పని చేసే అక్కచెల్లెళ్లు నేటికీ టికెట్టు కొంటున్నారు. తమిళనాడు మామూలు బస్సుల్లో చిరునామా అడగకుండానే మహిళలందరినీ ఎక్కించుకుంటోంది. కర్ణాటక తన వచ్చే బడ్జెట్‌లో ఈ నిబంధననూ, టికెట్టు లెక్కనూ కలిపే తీసేయాలి.