ఊరి నోట ఊరి కథ

చిన్న పట్టణం చరిత్ర రాయాలనుకున్నవారు ముందుగా కాగితాలు వెతుకుతారు. పురపాలక సంఘం తీర్మానాలు, భూమి రికార్డులు, పాత పత్రికల కట్టలు కావలసినవే. అయితే అలాంటి ఊళ్లలో కాగితం మీదికెక్కిందే కొంచెం. ఆ కొంచెమూ పన్నులు, తగాదాలు, ప్రారంభోత్సవాల చుట్టూ తిరుగుతుంది. ఏ వీధి ఎప్పుడు వెలసింది, వరద ఏ గడప దాకా వచ్చింది, ఎవరు ఏ బావి నీళ్లు తోడుకోకూడదన్నారు వంటివి మనుషుల జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. వారితోపాటే వెళ్లిపోతున్నాయి.

ఊరివారిని అడిగి వారి జ్ఞాపకాలు రాసిపెట్టే పని తెలుగువారికి కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగారు. కరణాల కవిలెలు (ఊరి లెక్కల పత్రాలు) చూసి, పెద్దలు చెప్పింది విని కైఫియత్తులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు సేకరించారు. బొర్రయ్య 1803లోనే కన్నుమూసినా లక్ష్మయ్య ఆ పని కొనసాగించారు. చాలా గ్రామాల గురించి వెతికితే నేటికీ మొదట దొరికే ఆధారం ఆ కైఫియత్తే. దాని లోపమూ అక్కడే ఉంది. అందులో ఎక్కువగా వినిపించేది కరణాలు, ఊరి పెద్దల గొంతు. కూలీలూ ఆడవాళ్లూ ఏం చెప్పేవారో మనకు తెలియదు. రెండు వందల ఏళ్ల తర్వాత మనం వేస్తున్న శతజయంతి సంచికలు ఇంకా నయమని అనలేం. వాటిలో సగం ఫొటోలు, సగం అభినందన సందేశాలు.

ముసలివారి మాటలు నమ్మదగినవి కావన్నది తరచూ వినిపించే అభ్యంతరం. ఇటలీలోని తెర్ని అనే ఉక్కు కర్మాగారాల పట్టణం అనుభవం దీనికి జవాబు చెబుతుంది. 1949 మార్చి 17న, నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో లుయీజీ త్రస్తుల్లీ అనే యువ కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. దశాబ్దాల తర్వాత చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి ఆ ఊరివారిని అడిగితే, చాలామంది ఆ మరణాన్ని 1953లో ఉద్యోగాల తొలగింపుపై జరిగిన వీధి పోరాటాల్లో కలిపి చెప్పారు. అది మతిమరుపు అని పోర్టెల్లి కొట్టిపారేయలేదు. తమ సాటివాడి చావు చిన్న తోపులాటలో జరిగిపోయిందంటే ఊరి మనసు ఒప్పుకోలేదు. అందుకే దాన్ని పెద్ద పోరాటంలో చేర్చుకుంది. అతను ఏనాడు చనిపోయాడో కాగితం చెబుతుంది. ఆ ఊరికి ఏ గాయం ఎక్కువ లోతైనదో తప్పు తేదీ చెబుతుంది. కాబట్టి చెప్పినవారి తేదీని దిద్దకూడదు. చెప్పింది చెప్పినట్టే ఉంచి, రికార్డులో ఉన్నదాన్ని పక్కన రాయాలి. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండూ ఉండాలి.

అడగడంలోనూ నేర్పు కావాలి. "మీ చిన్నప్పుడు ఊరెలా ఉండేది?" అంటే "ఇప్పటికన్నా నయం" అన్న జవాబు తప్ప మరేమీ రాదు. "బడికి ఏ దారిన వెళ్లేవారు? మలుపు తిరగగానే మొదటి ఇల్లు ఎవరిది? ఆ ఇంట్లోకి మిమ్మల్ని రానిచ్చేవారా?" అని అడిగితే వీధి మొత్తం కదులుతుంది. సంవత్సరం గుర్తులేనివారికి పెళ్లికి ముందా తర్వాతా, పెద్దబిడ్డ పుట్టాకా అన్నది గుర్తుంటుంది. చాలామందికి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య కాలం మిగతా వయసుకన్నా స్పష్టంగా జ్ఞాపకముంటుంది. ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు.

ఫోను చేతిలో ఉంటే రికార్డు చేయడం ఎంతసేపు? చిక్కంతా ఆ తర్వాతే. ఎవరు మాట్లాడారో, ఏ రోజున, ఎక్కడ అన్నది రాయని రికార్డింగు పదేళ్లకు ఎవరికీ అక్కరకు రాదు. ఒకే ఫోనులో ఉన్నది ఆ ఫోనుతోనే పోతుంది. రెండు మూడు ప్రతులు వేర్వేరు చోట్ల ఉంచాలి. ఏ నిమిషంలో ఏ విషయం వచ్చిందో కాగితంపై రాసిపెట్టాలి. అనుమతి మరీ ముఖ్యం. పాత కొట్లాటల సంగతి చెప్పినవారు "నేను ఉండగా బయట పెట్టవద్దు" అంటే, ఆ మాట నిలబెట్టుకునే ఏర్పాటు ముందే ఉండాలి.

ఇందుకు కొత్త భవనాలు అవసరం లేదు. పట్టణ గ్రంథాలయంలో ఒక అర, ఒక కంప్యూటర్, బాధ్యత పడే ఒక ఉద్యోగి ఉంటే చాలు. హైస్కూలు పిల్లలకు అడిగే పని అప్పగించవచ్చు. ఎవరిని అడగాలో తేల్చే జాబితా మాత్రం కౌన్సిలర్ల చేతిలో పెట్టకూడదని మా అభిప్రాయం. అందులో మొదటి పేర్లు పారిశుద్ధ్య కార్మికులవీ, మంత్రసానులవీ, రైల్వే గేటు కాపలాదారులవీ కావాలి. మాజీ ఛైర్మన్ల వంతు తర్వాత రావచ్చు. వారి ఫొటోలు ఎలాగూ సభామందిరంలో ఉన్నాయి.