కాదన్న చోటే నిలిచిన నిశ్శబ్దం

సిక్కింలోని కొండ ఊరు పెల్లింగ్‌లో టాక్సీ మాట్లాడుకుంటే డ్రైవరు మొదట చెప్పేది పాయింట్ల లెక్క. రింబీ జలపాతం ఒక పాయింటు, కాంచన్‌జంగా జలపాతం ఇంకొకటి, ఈ రెంటి నడుమ ఖెచియోపల్రి సరస్సు మరొకటి. గ్యాంగ్‌టక్, ఛంగూ, నాథులా చూసి డార్జిలింగ్‌కు దిగే దారిలో ఒక రాత్రి ఇక్కడ పడుకుని, మర్నాడు ఈ లెక్క పూర్తిచేసుకుంటే సిక్కిం చూసేసినట్టే అన్న ధోరణిలో మన ప్రాంతాల నుంచి వెళ్లే ప్యాకేజీ యాత్రలు చాలావరకు నడుస్తున్నాయి. పశ్చిమ సిక్కిం, అంటే ఇప్పటి గ్యాల్‌శింగ్ జిల్లా, పాయింట్ల లెక్కకు అందే చోటు కాదు.

ఖెచియోపల్రి దగ్గరే చూద్దాం. చెప్పులు విడిచి, రెండు పక్కలా ప్రార్థనా చక్రాలున్న చెక్క వంతెన మీదుగా నీటి అంచుకు వెళ్లాలి. చుట్టూ దట్టమైన అడవి, నీటి మీద మాత్రం ఆకు కనిపించదు. ఆకు పడితే పక్షులు వచ్చి ఎత్తుకుపోతాయని స్థానికుల నమ్మకం. అది నిజమా కాదా అని తేల్చబోయే యాత్రికులు ఎప్పుడూ ఉంటారు గానీ, ఈ నీటిలో పడవలు తిరగవు, వలలు పడవు, ఈత కొట్టేవారుండరు అన్నది అంతకన్నా గమనించదగ్గ విషయం. పక్షుల సంగతి అలా ఉంచినా, మనుషులు తమ చేతులు వెనక్కి తీసుకున్నారన్నది కంటికి కనిపిస్తూనే ఉంది.

ఈ ప్రాంతపు ప్రశాంతత ప్రకృతి ఉచితంగా ఇచ్చిన వరం కాదనీ, ఇక్కడివారు పదేపదే ‘వద్దు’ అనడం వల్ల మిగిలిందనీ నా అభిప్రాయం. గురు పద్మసంభవుడు ఆశీర్వదించి దాచిపెట్టిన పుణ్యభూమి తమదని సిక్కిం బౌద్ధుల విశ్వాసం. 1642లో ముగ్గురు లామాలు యుక్సోంలో కలుసుకుని ఫుంత్సోగ్ నాంగ్యాల్‌ను తొలి ఛోగ్యాల్‌గా, అంటే సిక్కిం రాజుగా, పట్టాభిషిక్తుణ్ణి చేశారు. ముగ్గురు విజ్ఞులు కలిసిన చోటు కాబట్టే ఆ ఊరికి ఆ పేరు. ఆ ఊళ్లోని నోర్బుగాంగ్‌లో ఆ పట్టాభిషేకపు రాతి సింహాసనం నేటికీ ఉంది. సిక్కిం బౌద్ధుల దృష్టిలో కొండ, వాగు, గుహ, సరస్సు అన్నీ ఆ పుణ్యక్షేత్రంలోని భాగాలే. ప్రహరీ లోపలిదే గుడి అన్న మన అలవాటైన భావన ఇక్కడ పనిచేయదు.

ఆ విశ్వాసం ఎంత బలమైనదో రాథోంగ్ ఛు నది ఉదంతం చూపింది. యుక్సోం దగ్గర ఆ నది మీద 30 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు భిక్షువులు, స్థానికులు వ్యతిరేకించారు. తాషిడింగ్ మఠంలో ఏటా జరిగే బుమ్‌ఛు ఉత్సవానికీ ఆ నదికీ ఉన్న సంబంధం వారి వాదనలో ప్రధానమైనది. ఏడాదిపాటు ముద్ర వేసి ఉంచిన కలశాన్ని టిబెటన్ పంచాంగపు మొదటి నెల పౌర్ణమి వేళ తెరిచి, లోపలి నీటిమట్టాన్ని బట్టి రాబోయే ఏడాది ఎలా ఉంటుందో చెబుతారు. అందులో తిరిగి నింపేది రాథోంగ్ ఛు నీరే. పనులు మొదలైన తర్వాత కూడా, 1997లో పవన్ కుమార్ చామ్లింగ్ ప్రభుత్వం ఆ ప్రాజెక్టును రద్దు చేసింది. మతవిశ్వాసం కోసం అభివృద్ధిని వదులుకున్నారని నాడు తేలిగ్గా అన్నవారు, 2023 అక్టోబరు 4న ఉత్తర సిక్కింలో దక్షిణ ల్హోనాక్ హిమానీ సరస్సు గట్టు తెగి, చుంగ్‌థాంగ్ వద్ద 1,200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్టను తుడిచిపెట్టిన తర్వాత కొంచెం తగ్గి మాట్లాడవలసి వచ్చింది. రెండు నదులూ వేరు, రెండు ప్రాజెక్టుల కొలతలూ వేరు. అయినా ఈ కొండల్లో నీటికి అడ్డుకట్ట వేసే ముందు అక్కడివారి సందేహాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకూడదనడానికి అది చాలు.

కాంచన్‌జంగా శిఖరం విషయంలోనూ ఇదే. 1955 మే 25న బ్రిటిష్ పర్వతారోహకులు జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ నేపాల్ వైపు నుంచి 8,586 మీటర్ల కాంచన్‌జంగాను ఎక్కి, పవిత్రమైన కొసను తొక్కబోమని ఛోగ్యాల్‌కు ఇచ్చిన మాట ప్రకారం శిఖరాగ్రానికి కాస్త కిందే ఆగిపోయారు. సిక్కిం వైపు నుంచి ఆ శిఖరాన్ని ఎక్కడం ఇప్పుడు నిషిద్ధం. ఆ పర్వతం పేరిట ఏర్పడిన జాతీయ వనాన్ని 2016లో యునెస్కో ప్రకృతి, సంస్కృతి రెండింటి దృష్ట్యా వారసత్వ స్థలంగా గుర్తించింది. మన దేశంలో ఆ మిశ్రమ గుర్తింపు పొందిన మొదటి చోటు అదే.

ఇక్కడివారు అన్నిటికీ వద్దన్నారని కాదు. పెల్లింగ్‌లో హోటళ్లు ఒకదాని మీద ఒకటి లేచాయి. 137 అడుగుల ఛెన్‌రెజిగ్ (అవలోకితేశ్వరుడు) విగ్రహమూ, దాని ముందు గాజు వంతెనా వచ్చాయి. సమీపంలోనే పెమయాంగ్త్సే మఠం పై అంతస్తులో ఒక లామా చెక్కతో మలిచిన ఏడంతస్తుల స్వర్గధామం ఉంది. దాని ముందు అయిదు నిమిషాలైనా నిలబడనివారు గాజు వంతెన మీద సెల్ఫీకి వరుస కడుతున్నారు. పర్యాటకుల రాబడి ఇక్కడివారికి అవసరమే, కాదనలేం. కానీ యుక్సోంలో హోంస్టే నడిపే కుటుంబానికీ, ట్రెక్కింగ్ సామాను మోసే జో (ఆవు, జడలబర్రెల సంకరం) పశువుల యజమానికీ అందే డబ్బు, పూటలో వచ్చి పూటలో పోయే వాహనాల వల్ల అందదు. వనంలో ట్రెక్కర్లు కట్టెలు కాల్చకుండా కట్టడి చేయడంలో యుక్సోం గ్రామస్థుల సంరక్షణ సంఘం పాత్ర పెద్దది.

మనవాళ్లు ఈ కొండలను పరాయివిగా చూడనక్కరలేదు. టిబెటన్ బౌద్ధంలో ముఖ్యమైన సాధనా మార్గమైన కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది మన అమరావతి, నాటి ధాన్యకటకంలోనే అని టిబెటన్ సంప్రదాయం చెబుతుంది. ల్హాసాలోని డ్రెపుంగ్ మఠం పేరుకు అర్థం బియ్యపు రాశి. అది ధాన్యకటకానికి టిబెటన్ అనువాదమే. సిక్కింకు టిబెటన్‌లో ఉన్న పాత పేరు డెంజోంగ్, అంటే బియ్యపు లోయ. అన్నం తినే మనకు ఈ రెండు పేర్లూ చెవికి ఇంపుగానే ఉంటాయి.

వెళ్లదలచినవారు కనీసం వారం కేటాయించుకోవాలి. జలగల బెడద ఉండే వానాకాలాన్ని వదిలి, రోడోడెండ్రాన్లు పూసే ఏప్రిల్‌లోనో, ఆకాశం తేటపడే అక్టోబరు చివర్లోనో బయలుదేరడం మంచిది. నడకకు ఒళ్లు సహకరించనివారికి యుక్సోం, తాషిడింగ్, ఖెచియోపల్రి చాలు. నడవగలిగినవారు షోకా మీదుగా నాలుగు వేల మీటర్ల ఎత్తున్న జోంగ్రీకి, అక్కడి నుంచి గోయెచా లా కనుమ వైపు వెళ్తారు. ఎత్తు పెరిగేకొద్దీ తలనొప్పి, వాంతులు మొదలైతే పట్టుదలకు పోకుండా కిందికి దిగడమే మందు. ఆ కనుమ దారిలోని సమితి సరస్సు ఒడ్డున ఇప్పుడు గుడారాలు వేయనివ్వరు. కింద లామునే దగ్గర పడుకుని, తెల్లవారకముందే తలకు దీపాలు కట్టుకుని చీకట్లో ఆ నీటి పక్కగా నడిచి వెళ్లాలి. చాలా బృందాలను మొదటి వ్యూ పాయింట్ దగ్గరే వెనక్కి తిప్పుతున్నారు. ఇంత ఖర్చుపెట్టి వచ్చి కనుమ దాకా వెళ్లనివ్వరా అని గైడుతో వాదించేవారు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. ఆ వాదన సాగుతుండగానే పాండిమ్ శిఖరం మీద ఎండ పడుతుంది, మిగిలినవాళ్లు అటు తిరుగుతారు.