చావు మాట ఎవరు ఎత్తాలి?

(వాది: థెరపిస్టు. ప్రతివాది: మందులు నమ్మే మానసిక వైద్యుడు.)

వాది: నిద్ర పట్టదంటూ వచ్చినవాళ్లకి శ్వాస కసరత్తులు చెప్పి పంపేస్తాం. లోపలున్నది ‘నేను పోతాను’ అన్న భయమైతే? మనిషిని కలవరపెట్టేవి నాలుగని అమెరికా మానసిక వైద్యుడు ఇర్విన్ యాలమ్ 1980లోనే రాశారు: మరణం, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థరాహిత్యం. మొదటిదాన్నే దాటేస్తే థెరపీ ఎలా అవుతుందండీ?

ప్రతివాది: దాటేయమనట్లేదు, ఆ మాట మీరై మీరు ఎత్తొద్దంటున్నాను. 1989లో అమెరికాలో 22 మంది జడ్జీలలో సగం మంది చేత ముందు తమ చావు గురించి రాయించారు. తర్వాత అందరికీ ఒకే కల్పిత వ్యభిచారం కేసు ఇచ్చి బెయిలు ఎంత పెడతారని అడిగారు. మామూలు జడ్జీల సగటు 50 డాలర్లు, చావు తలచుకున్నవాళ్లది 455. చావు గుర్తొస్తే మనిషి ఇంకా కఠినమయ్యాడు. దీన్ని మేలంటారా?

వాది: అలాంటి ప్రయోగాలు మళ్లీ చేస్తే అవే ఫలితాలు రాని సందర్భాలు మీకూ తెలుసు. పైగా అక్కడ కాగితం రాయించుకుని వదిలేశారు. థెరపీలో వారం వారం పక్కన కూర్చునే మనిషి ఉంటారు.

ప్రతివాది: కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందా? ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మందిని చూసి, గ్రూప్ థెరపీకి వచ్చినవాళ్లు దాదాపు రెట్టింపు కాలం బతికారని డేవిడ్ స్పీగెల్ బృందం 1989లో అంది. 2001లో వచ్చిన కెనడా అధ్యయనంలో అలాంటి 235 మందిని చూస్తే ఆయుష్షులో తేడా ఏమీ లేదు.

వాది: లేదు, ఒప్పుకుంటాను. (గొంతు కాస్త తగ్గింది. తగ్గాల్సిందే.) కానీ అదే అధ్యయనంలో, మొదట్నుంచీ బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకి మనోవేదన, నొప్పి రెండూ తగ్గాయి కదా. నాకది చాలు. కొద్ది నెలలే అని తెలిసినవాళ్లు కొందరు నన్నడిగేది, మాటలు మానేసిన తమ్ముడికి ఫోన్ చేయనా అని.

ప్రతివాది: అడిగినవాళ్లు సరే. పిల్లల పరీక్షలయ్యేదాకా ఆ ఊసే వద్దనుకునే తల్లి సంగతేంటి? ఆవిడ తెలిసే దాటేస్తోంది. ఆ ఆసరా లాగేసే హక్కు మీకెక్కడిది?

వాది: లాగను. కానీ ఆవిడే ‘జుట్టంతా రాలిపోయింది’ అని నా మొహంలోకి చూస్తే? ‘మళ్లీ వస్తుందిలెండి’ అని తలుపు మూసేది మనమే. అప్పుడు భయం ఆవిడది కాదు, మనది.

ప్రతివాది: అది నిజమే. మరి ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్లతో? ‘ఇవాళే చివరి రోజనుకో’ అంటే ఉద్యోగం మానేసి అప్పులపాలవుతారు.

వాది: అలా ఎవరంటారండీ! ‘ఇంకో ఐదేళ్లు ఇలాగే గడిస్తే దేనికి బాధపడతారు?’ అంటాను.

ప్రతివాది: అందులో చావు మాటే లేదుగా. అంటే ఇంతసేపూ నా పక్షమే వాదించారన్నమాట.

వాది: కాదు. వాళ్లే ఆ మాట తెస్తే నేను వింటాను. మీరు మందుల చీటీ అందుకుంటారు.