అన్‌లిమిటెడ్ బార్బెక్యూలో నిప్పుకి పనేముంది?

హైదరాబాద్‌లో బార్బెక్యూకి వెళ్దామంటే ఇప్పుడు గుర్తొచ్చేది టేబుల్ మధ్యలో గుంట, అందులో బొగ్గులు, పైన ముక్కలు గుచ్చిన పుల్లలు, మనం చాలనేదాకా వడ్డించే బఫే. 2006లో ముంబయిలో మొదలైన బార్బెక్యూ నేషన్ దీన్ని బాగా అలవాటు చేసింది, తర్వాత మన ఊళ్లోనే పుట్టిన అబ్సొల్యూట్ బార్బెక్యూస్‌దీ అదే దారి. ఆఫీసు పార్టీలకి భలే చోటు, కాదనను. కానీ ఇలాంటిచోట్ల ముక్క చాలావరకు వంటింట్లోనే కాలి వస్తుంది, టేబుల్ మీది నిప్పు దాన్ని చల్లారకుండా చూస్తుందంతే.

కాల్చే పనితనం చూడాలంటే పత్తర్ కా గోష్ట్ దగ్గర నిలబడాలి. మందపాటి రాతిపలక, కింద బొగ్గులు. ఎముకలేని మటన్‌ని పల్చగా కోసి, చదునుగా కొట్టి, పచ్చి బొప్పాయి ముద్ద, అల్లంవెల్లుల్లి, మిరియాలు పట్టించి పలక మీద పరుస్తారు. రాయి సరిగ్గా కాగకపోతే ముక్క నీరొదిలి ఉడుకుతుందే తప్ప కాలదు, బొప్పాయిలో ఎక్కువసేపు నానితే నోట్లో పిండి పిండిగా తగులుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకెళ్లినప్పుడు శీకులు లేక వంటవాళ్లు రాయిని వాడారని ఓ కథ చెబుతారు. ఏమో గానీ, ఎటు చూసినా గ్రానైటే ఉన్న ఈ ఊళ్లో ఆ ఆలోచన ఎవరికో ఒకరికి తట్టకుండా ఉంటుందా! టెక్సాస్‌లో బీఫ్ బ్రిస్కెట్‌ని, అంటే గొడ్డు ఛాతీ మాంసాన్ని, సన్నటి సెగమీద, కట్టెల పొగలో పది పన్నెండు గంటలు వదిలేస్తారు, అక్కడ మాంసాన్ని మెత్తబరిచేది ఓపిక. ఇక్కడ ఆ పని బొప్పాయి ముందే చేసిపెడుతుంది కాబట్టి నిప్పు దగ్గర నిమిషాలే చాలు.

పాతబస్తీ దగ్గరి బార్కస్‌లో స్థిరపడ్డవాళ్లు నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు. వాళ్ల పూర్వీకుల దేశంలో మందీ అంటే నేలలో తవ్విన పొయ్యిలో మగ్గిన మాంసం. నగరంలో చాలాచోట్ల మాత్రం మందీ కావాలంటే 'జూసీయా, ఫ్రైయా' అని అడుగుతారు. నూనెలో వేయించిన ఆ ఫ్రై రుచిగానే ఉంటుంది, కాకపోతే గోతికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

మారేడుమిల్లి బొంగు చికెన్‌ది ఇంకో దారి. పచ్చి వెదురు బయట మాడుతుంటే లోపల కోడి నూనె చుక్క లేకుండా తన నీళ్లలోనే ఉడుకుతుంది.

నా ఓటు ట్యాంక్‌బండ్ దగ్గరి బడే మియా కబాబ్స్‌కి, రంజాన్ రాత్రుల్లో పాతబస్తీ రాతిపలకలకి. ఆన్‌లైన్ రివ్యూల్లో స్టార్టర్లు ఎన్ని రకాలొచ్చాయో లెక్కపెట్టి మరీ రాస్తారు, కాల్చింది బొగ్గు మీదా గ్యాస్ మీదా అన్నది మాత్రం ఎవరికీ పట్టదు.